ఆయన వేస్తానన్న టైల్స్

మా ఇంటి వెనక, ప్రహరీగోడకూ నీళ్ల తొట్టికీ మధ్య, పాత పట్టా కప్పిన టైల్స్ గుట్ట ఒకటి ఉండేది. మా ఆయన ఏళ్ల తరబడి తెచ్చి పేర్చినవి. ఆయన టైల్స్ మేస్త్రి. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, ఎక్కడ ఇల్లు లేస్తుంటే అక్కడికి పోయేవాడు. పని అయిపోయాక నాలుగో అయిదో మిగిలి, ఇంటివాళ్లు తీసుకుపొమ్మంటే, సిమెంటు సంచిలో చుట్టి బండి మీద పెట్టుకుని తెచ్చేవాడు. వాటిని గుట్ట మీద దించి, చేత్తో దుమ్ము తుడిచి, నన్ను పిలిచి చూపించేవాడు. “ఇవి మన బాత్రూముకి” అనేవాడు.

మా బాత్రూములో మాత్రం సిమెంటు గచ్చే. ఇల్లు కట్టుకున్నప్పుడు హడావుడిగా పోసింది. పెచ్చులు లేచి, గుంటల్లో నీళ్లు నిలిచి, వానాకాలం పాచి పట్టేది. నేను అడిగినప్పుడల్లా ఆయన ఒకటే మాట. చేతిలో ఉన్న పని అయిపోగానే ఒక వారం ఇంటిపట్టున ఉంటానని, ఎవరినీ పిలవనని, తనే వేస్తానని. ఆ వారం ఎప్పటికీ రాలేదు. ఒక పని ముగిసేలోపే ఇంకోటి ఒప్పుకునేవాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఊరందరి ఇళ్లల్లో అద్దాల్లాంటి నేలలు పరిచిన మనిషి పెళ్లాం, పాచి మీద జారకుండా గోడ పట్టుకుని స్నానం చేస్తోందని ఒకసారి గట్టిగానే అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం ఇనుప బ్రష్షు తీసుకుని గచ్చంతా గీకి కడిగి పెట్టాడు.

ఆయన పుట్టింది కనిగిరి పక్కన పల్లెలో. నాది వినుకొండ. పెళ్లయ్యాక ఇక్కడే ఉండిపోయాం. కొత్తలో ఆరేళ్లపాటు నేనూ ఆయనతో పనికి వెళ్లాను. ఇసక జల్లించడం, సిమెంటు మాలు కలపడం, టైల్స్ నానబెట్టి అందించడం నా వంతు. పరచడం ఆయన వంతు. టైలు నీళ్లలో వెయ్యగానే బుడబుడమని గాలి పైకి వచ్చేది. ఆ చప్పుడు ఆగాకే తీసి ఇవ్వాలి. తొందరపడి ముందే తీస్తే ఆయన చెయ్యి చాపేవాడు కాదు. తల ఎత్తకుండానే “ఇంకా తాగలేదు అది” అనేవాడు. మధ్యాహ్నం, తలుపులూ కిటికీలూ లేని ఆ ఇళ్లల్లో, ఇసక మీద సంచి పరుచుకుని ఒకే క్యారేజీలోంచి తినేవాళ్లం. ఎవరి ఇల్లో తెలియని ఇంట్లో, గృహప్రవేశం కంటే ముందు మొదటి అన్నం మేమే తిన్నామని నవ్వుకునేవాళ్లం.

కూతురు పుట్టాక నేను పని మానేసి కుట్టుమిషను పెట్టుకున్నాను. అప్పటినుంచి జాకెట్లు కుడుతున్నాను. నేను మానేశాక మా ఆయనకు జోడీగా ఇంకో మేస్త్రి చేరాడు. వినుకొండలోనే మసీదు వీధిలో వాళ్ల ఇల్లు. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాను. వాళ్లిద్దరూ మాత్రం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు. పధ్నాలుగేళ్లు ఒకే బండి మీద తిరిగారు. రంజాన్ నెలలో అన్నయ్య ఉపవాసం ఉంటే, ఆయన ఎదురుగా తినలేక మా ఆయన క్యారేజీ పట్టుకుని మేడ మీదికి పోయేవాడట. ఎండలో కూర్చుని తిని వచ్చేవాడట.

రెండేళ్ల కిందట, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఒంగోలులో ఒక అపార్టుమెంటులో పని చేస్తూ మా ఆయన పోయాడు. గుండె ఆగిపోయింది. యాభై కూడా నిండలేదు. సోమవారం పొద్దున నా చేతి టీ తాగి బండెక్కాడు. మంగళవారం సాయంత్రం ఫోన్లో కూతురి హాస్టలు గురించి మాట్లాడాడు. బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఎవరో ఫోను చేశారు.

అన్నయ్య ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. మూడు రోజులు దగ్గరుండి అన్నీ చూశాడు. ఆ తర్వాత మళ్లీ మా గడప తొక్కలేదు. బజార్లో ఎదురుపడితే పక్కసందులోకి తిరిగిపోయేవాడు. వాళ్లావిడ మాత్రం మామూలుగానే జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేది. ఆయనకు ఒంట్లో బాగుండటం లేదని ఏదో చెప్పేది. నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన దగ్గర ఉన్నదేదో నాకు కావాలి, అంతే. ఆ బుధవారం పొద్దున ఏం జరిగిందో చూసిన మనిషి ఆయనొక్కడే. మా ఆయన ఏం తిన్నాడు, ఏం మాట్లాడాడు, నొప్పి ఎప్పుడు మొదలైంది, నన్ను పిలిచాడా. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, ఆ పొద్దుటిని నాకు తోచినట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నానో చెప్పలేను. ఎలా ఊహించుకున్నా అందులో ఆయన మొహం సరిగ్గా కనిపించేది కాదు.

టైల్స్ గుట్టను నేను ముట్టుకోలేదు. మొన్న వేసవిలో పట్టా గాలికి లేస్తే, రాయి పెడదామని వెళ్లాను. పై టైలు కాస్త జరపగానే దాని కింద నుంచి తేలు బయటికి వచ్చింది. చెప్పుతో కొట్టి చంపాను. పక్కింటి ఆవిడ గోడమీదుగా చూసి, పిల్లలు తిరిగే చోటని, ఆ గుట్ట ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో తప్పేం లేదు. అయినా ఆ మధ్యాహ్నమంతా నాకు కుట్టు సాగలేదు. ఇచ్చెయ్యడం నా వల్ల కాదు. ఇచ్చెయ్యకపోతే వాటిని తెచ్చిన పనికి వాడాలి.

మర్నాడు అన్నయ్య ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ టీ ఇచ్చింది. అన్నయ్య నేలకేసి చూస్తూ విన్నాడు. ఆదివారం వస్తానన్నాడు. ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడో వారం సోమవారం పొద్దున నేనే మా ఆయన సంచి విప్పాను. సుత్తి, ఉలి, తాపీ, రసమట్టం, దారపు ఉండ, అన్నీ ఆయన తుడిచి పెట్టినట్టే ఉన్నాయి. తాపీ పిడి ఆయన బొటనవేలు ఆనే చోట నున్నగా అరిగిపోయి ఉంది. నా వేలు అక్కడ పెడితే సరిపోలేదు. ఆయన చెయ్యి పెద్దది.

పాత గచ్చు పగలగొట్టడానికి రెండు రోజులు పట్టింది. స్నానానికి పక్కింటికి వెళ్లాను. మూడో రోజు గుట్ట విప్పి టైల్స్ అన్నీ ముందు వాకిట్లో పరిచాను. గరుకువి, నేలకు పనికొచ్చేవి వేరు చేశాను. ఇటుక రంగువి, బూడిద రంగువి, మీగడ రంగువి. ఏ రెండు ఇళ్లవీ ఒక్కలాగా లేవు. జాకెట్టుకు గుడ్డ చాలకపోతే ముక్కలు ఎలా సర్దుకోవాలో నాకు తెలుసు. అలాగే సర్దాను. గుమ్మం దగ్గర బూడిదవి, మధ్యలో మీగడవి, గోడల వెంట ఇటుకవి. కొన్ని కనిపించగానే గుర్తుపట్టాను. ఆ మీగడ రంగువి వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారం చేసే వాళ్ల ఇంటివి. అవి తెచ్చిన రోజు ఆయన జేబులో వాళ్లిచ్చిన జీడిపప్పు పొట్లం కూడా ఉంది. దారిలో సగం తినేసి, మిగతాది నాకు ఇచ్చాడు.

మాలు కలపడం చేతులు మరిచిపోలేదు. పరచడమే నాకు రాదు. ఆరేళ్లు పక్కనుండి ఆయన చేతులు చూశానే గాని, నా చేత్తో ఒక్క టైలు వేసి ఎరగను. గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టి సాయంత్రానికి రెండు వరసలు వేశాను. తిన్నగానే ఉన్నాయనిపించింది. మర్నాడు పొద్దున ఒక చెంబుడు నీళ్లు పోశాను. నీళ్లు మూలనున్న జాలీ వైపు పోకుండా, మెల్లగా నా కాళ్ల దగ్గరికి, గుమ్మంలోకి వచ్చాయి. అక్కడే చతికిలబడ్డాను. ఆయన పోయినప్పుడు అందరి మధ్య ఏడ్చాను. ఒక్కదాన్నే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది మాత్రం ఆ పొద్దునే.

అప్పుడే గేటు చప్పుడైంది. అన్నయ్య. ముందు రోజు వాళ్లావిడ జాకెట్టు కోసం వచ్చి నన్ను ఆ వేషంలో చూసిపోయింది. ఇంటికెళ్లి చెప్పినట్టుంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. కిందికి వంగి రెండు వరసల మీదా చూపు పారించాడు.

“ఈ రెండూ లేపెయ్యి చెల్లెమ్మా. ఇంకా బిగవలేదు, వచ్చేస్తయ్.”

తాపీ ఆయన వైపు చాపాను. ఆయన తీసుకోలేదు.

“నేను చెయ్యి పెట్టను. వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు. మా ఇంటి బాత్రూము పని నాది, నువ్వు వేలు పెట్టబాకరా అన్నాడు. నవ్వులాటకే అన్నాడనుకో. అయినా నా వల్ల కాదు. ఇక్కడ కూర్చుని చెబుతా, నువ్వు వెయ్యి.”

స్టూలు తెచ్చి గుమ్మానికి అవతల వేశాను. అక్కడ కూర్చున్నాడు. మోకాళ్లు ఆయనకూ పాడైపోయాయి. వంగేటప్పుడూ లేచేటప్పుడూ గోడ పట్టుకుంటున్నాడు.

నేను రెండు వరసలూ లేపి, మాలు గీకి, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి జాలీ దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాడు. దారం ఎక్కడ కట్టాలో, గుమ్మం దగ్గర ఎంత ఎత్తు ఉంచాలో చెప్పాడు. పలచటి టైలు వస్తే కింద మాలు కాస్త ఎక్కువ వేసుకోమన్నాడు. టైలు పెట్టి రబ్బరు సుత్తితో మధ్యలో కాదు, ముందు మూలల మీద కొట్టమన్నాడు. నేను టైలు నీళ్లలో వేసి చప్పుడు ఆగేదాకా చూసి తీస్తుంటే ఆయన ఏమీ అనలేదు. అది నాకు వచ్చని ఆయనకు తెలుసు.

మూడో వరస వేస్తున్నప్పుడు, తల ఎత్తకుండా అడిగాను.

“ఆ రోజు ఏం జరిగింది అన్నయ్యా?”

ఆయన స్టూలును గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి ఆపలేదు. ఆపితే ఆయన ఆగిపోతాడని భయం.

ఆ పొద్దున ఇద్దరూ టిఫిను బండి దగ్గర ఇడ్లీ తిన్నారు. మా ఆయన చట్నీ రెండోసారి వేయించుకున్నాడు. మూడో అంతస్తులో ఒక ఫ్లాటు బాత్రూము పని. పదింటికల్లా నేల మొత్తం అయిపోయింది. జాలీ చుట్టూ కోసి పెట్టాల్సిన ఆఖరి ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని ఆయనే కోశాడు, ఆయనే పెట్టాడు. తాపీ పిడితో తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. బాగుందన్నాడు. తర్వాత ఎడమ రెక్క లాగుతోందని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దున తిన్న చట్నీకి గ్యాసు పట్టిందని, ఒక సోడా తెచ్చిపెట్టమని అడిగాడు. అన్నయ్య కిందికి దిగి వెళ్లాడు. కొట్టు దగ్గర జనం ఉన్నారు. నిలబడాల్సి వచ్చింది. పావుగంట తర్వాత సోడా పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి మా ఆయన పక్కకి ఒరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చూశాడు గాని మాట రాలేదు. అక్కడి పనివాళ్లు నలుగురు మోసుకుని ఆటో ఎక్కించారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

“నేను సోడాకి పోకుండా అప్పుడే ఆటో ఎక్కించుంటే, వాడు ఉండేవాడేమో. నీ మొహం ఎట్టా చూడను?”

నా చేతిలో టైలు ఉంది. దాన్ని మాలు మీద పెట్టి, నాలుగు మూలలా కొట్టి, దారానికి సరిపోయిందో లేదో చూశాను. తర్వాత చెప్పాను.

“ఆయన అడిగితే నేనైనా సోడాకే పోయేదాన్ని అన్నయ్యా.”

ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఇంకో టైలు నీళ్లలో వేశాను.

ఆ సాయంత్రం నాకు దుఃఖం తగ్గిందని చెప్పలేను. కానీ ఆ బుధవారపు పొద్దు నా దగ్గరికి వచ్చింది. అందులో ఇడ్లీ ఉంది, చట్నీ ఉంది, బాగుందన్న మాట ఉంది. ఆ మాట ఆయన గొంతుతో వినపడింది. ఆ గొంతును ఇంకోసారి వినాలని ఎంత తపించానో, విన్నాక ఆ తపన అంతకు రెండింతలు అయింది.

మర్నాడు అన్నయ్య బండి మీద ఒక సంచి తెచ్చాడు. అందులో ఎనిమిది టైల్స్. లేత నీలం, చెరువు నీళ్ల రంగు. ఆ బుధవారం పొద్దున పని మొదలుపెట్టకముందే మా ఆయన ఇంజనీరును అడిగి పక్కన పెట్టుకున్నవట. ఈ రంగు మా ఇంటావిడకు ఇష్టమని చెప్పాడట. రెండేళ్లుగా అన్నయ్య ఇంట్లో మంచం కింద ఉన్నాయి. తెచ్చి ఇవ్వలేక, పారెయ్యలేక అక్కడే ఉంచేశాడు.

నిజానికి నాకు నీలం ఇష్టమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఒక నీలం చీర తరచు కట్టేదాన్ని, ఉతికితే త్వరగా ఆరుతుందని. ఆయన దాన్ని అలా అనుకున్నాడు కాబోలు.

అవి గోడకు వేసే టైల్స్. నున్నగా ఉన్నాయి. నేల మీద వేస్తే జారిపడతారు. ఆయనకు అది తెలియక కాదు, గోడలకు కూడా వేద్దామనే ఆలోచన ఉండి ఉంటుంది. ఎనిమిదితో ఒక గోడకు ఒక వరస కూడా నిండదు. కుళాయి ఉన్న వైపు కింద వరసలో పెట్టాను. నిండని చోట ఉత్త సిమెంటు పూశాను. అన్నయ్య అది చూసి, అదే రంగువి వెతికి తెస్తానన్నాడు. వద్దన్నాను.

అన్నయ్య వచ్చిన నాలుగో రోజుకు నేల పూర్తయింది. మోకాళ్లు వాచాయి. చేతివేళ్ల చర్మాన్ని సిమెంటు తినేసి, అవి సూదిలో దారం ఎక్కించడానికి కూడా పనికిరాకుండా పోయాయి. ఆయన ఇంటికొచ్చాక మోకాళ్లకు నువ్వులనూనె రాయమని ఎందుకడిగేవాడో, అడిగినప్పుడు నేను ఒక్కోసారి ఎందుకు విసుక్కున్నానో గుర్తొచ్చింది.

ఒక రోజంతా ఆరనిచ్చి స్నానం చేశాను. నీళ్లు ఎక్కడా నిలవలేదు. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఎవరినో పిలవబోయినట్టు నోరు తెరిచాను. చూపించడానికి మనిషి లేడు. గుంటూరు హాస్టల్లో ఉన్న కూతురికి ఫోటో పంపాను. చాలా బాగుందమ్మా అని రాసింది. ఆ మాట మంచిదే. నాకు కావాల్సింది ఆయన వంగి, కళ్లు చికిలించి, ఎక్కడ వంకర పోయిందో చెప్పడం.

నెల తర్వాత అన్నయ్యను అడిగాను, ఆ ఫ్లాటు నాకు చూపిస్తాడా అని. ఆయన వద్దనలేదు. ఒక గురువారం ఒంగోలు బస్సెక్కాం. అపార్టుమెంటులోకి జనం వచ్చేశారు. బాల్కనీల్లో బట్టలు ఆరుతున్నాయి. అన్నయ్య కిందే ఆగిపోయాడు. నేను మూడో అంతస్తుకు మెట్ల మీదే ఎక్కాను. తలుపు తీసింది ముప్పయ్యేళ్లలోపు అమ్మాయి, చంకలో బిడ్డ. ఈ టైల్స్ వేసిన మేస్త్రి మా ఇంటాయనేనని, పని ఎలా ఉందో ఒకసారి చూసిపోదామని వచ్చానని చెప్పాను. మిగతాది చెప్పలేదు. వాళ్లు కాపురం ఉంటున్న ఇల్లు అది. ఆ అమ్మాయి కాస్త ఆశ్చర్యపోయినా, లోపలికి రమ్మంది.

బాత్రూములో పసిపిల్లల టబ్బు ఉంది. తాడు మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి చూశాను. జాలీ చుట్టూ కోసిన ముక్క ఎక్కడా చెక్కు లేవకుండా, గుండ్రం గుండ్రంగానే ఉంది. ఆ పక్క గోడ దగ్గరే ఆయన ఆనుకుని కూర్చున్నది. కాళ్లు కడుక్కుంటానని అడిగి లోపలికి వెళ్లాను. చెంబుతో నీళ్లు పోసుకున్నాను. నీళ్లు తటపటాయించకుండా తిన్నగా వెళ్లిపోయాయి. ఉట్టి పాదాలతో కాసేపు అలాగే నిలబడ్డాను. నేల చల్లగా ఉంది.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి అడిగింది, “పని బాగానే చేశారు కదండీ?”

“బాగుందమ్మా. మా ఇంట్లో ఈమధ్యే వేశాం. ఇంత బాగా రాలేదు.”

బిడ్డ నా కొంగు పట్టుకుంది. వేళ్లు విడిపించుకుని, కిందికి దిగాను. అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరం బస్టాండు దాకా ఎండలో నడిచాం.